కంటి పరీక్ష తేదీ రాయకుండా ఏ బిడ్డనూ ఇంటికి పంపొద్దు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్లలో వచ్చే ఒక రక్తనాళాల జబ్బు గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. దాని పూర్తి పేరు రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ. ఆసుపత్రుల్లో అందరూ ఆర్‌ఓపీ అనే అంటారు. నేను రెటీనా వైద్యురాలిని. నవజాత శిశువుల వార్డులకు వెళ్లి ఆ పసిపిల్లల కళ్లు చూడటం, జబ్బు ముదురుతున్నవాళ్లకు లేజర్ చేయడం నా పని. రాష్ట్రాలు రెండైనా ఉత్తరం ఒక్కటే రాయడానికి కారణం ఉంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆడపిల్లకు రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. ఖమ్మం వైపు బిడ్డను విజయవాడలో చూపిస్తారు, కర్నూలు బిడ్డను హైదరాబాదు తీసుకెళతారు. ఒక రాష్ట్రంలో నియమం ఉండి పక్క రాష్ట్రంలో లేకపోతే నష్టపోయేది ఆ దారిలో ఉన్న పిల్లలే.

నేను అడిగేది ఒక్క ఉత్తర్వు. నెలలు నిండకుండా గానీ, తక్కువ బరువుతో గానీ పుట్టిన ఏ బిడ్డ డిశ్చార్జి కాగితం మీదైనా కంటి పరీక్ష జరిగిందనో, ఫలానా తేదీన ఫలానా చోట జరగబోతోందనో రాసి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే డాక్టరు సంతకం పడకూడదు. ప్రభుత్వ ఆసుపత్రికైనా ప్రైవేటు నర్సింగ్ హోముకైనా ఇదే నియమం ఉండాలి. ఇంత చిన్న ఉత్తర్వుకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటే, ఆ గడి నిజంగా నిండాలంటే దాని వెనక ఏమేం ఉండాలో కూడా మీకు చెప్పాలి.

ముందు జబ్బు సంగతి. కడుపులో పదహారో వారం వచ్చేదాకా శిశువు రెటీనాలో రక్తనాళాలు ఉండవు. అప్పుడు అవి కంటి నరం దగ్గర మొదలై అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు చేరేసరికి దాదాపు 36 వారాలు, చెవి వైపు అంచుకు చేరేసరికి దాదాపు 40 వారాలు పడుతుంది. నిండు నెలల బిడ్డ భూమ్మీద పడేనాటికి ఆ పని ఇంచుమించు పూర్తయి ఉంటుంది. ఇరవై ఎనిమిది వారాలకే పుట్టిన బిడ్డకు సగం దారిలో ఆగిపోతుంది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టు రెటీనా అంచులు నెత్తురు అందక మిగిలిపోతాయి.

కడుపులో బిడ్డ నెత్తుట్లో ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది. ఆ కొరతే నాళాలను ముందుకు పెరిగేలా చేస్తుంది. బయటికి వచ్చి గాలి పీల్చగానే, అందులోనూ ఊపిరి ఆడక ఆక్సిజన్ పెట్టగానే కొరత తీరిపోయి నాళాల పెరుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాలు గడిచి, రెటీనా ఎదిగి, ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వచ్చినప్పుడు అంచుల దగ్గర నాళాలు ఉండవు. అప్పుడు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ మోతాదు మించి విడుదలవుతుంది. దాని వల్ల పుట్టే కొత్త నాళాలు రెటీనా మీద పరుచుకోకుండా కంటి లోపలి జెల్లీలోకి లేస్తాయి. అవి నాసిరకం నాళాలు. వాటి వెంబడి ఏర్పడే మచ్చ ముడుచుకునే కొద్దీ రెటీనాను లాగుతుంది. రెటీనా పూర్తిగా ఊడిపోతే ఆ కంటికి చూపు పోయినట్టే.

ఇంత జరుగుతున్నా పైకి కన్ను కన్నులాగే ఉంటుంది. ఎర్రబడదు, పుసి కట్టదు, నీరు కారదు. బిడ్డ పాలు తాగుతుంది, ఒళ్లు చేస్తుంది. తల్లికి మొదటి అనుమానం వచ్చేది మూడు నాలుగు నెలలకు. పిలిస్తే చూడటం లేదని, దీపం వైపు తిరగడం లేదని, కంటిపాపలో ఏదో తెల్లగా మెరుస్తోందని అప్పుడు పరుగెత్తుకొస్తారు. ఆపరేషన్ చేసినా ఆ దశలో తిరిగి వచ్చే చూపు చాలా తక్కువ. జబ్బును ఆపగలిగిన రోజులు అప్పటికే, ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ రాకుండానే గడిచిపోయి ఉంటాయి. అందుకే దీన్ని కుటుంబం కనిపెట్టి చూపించుకోవాల్సిన జబ్బుగా వదిలేయడానికి లేదు. ఏ బిడ్డను ఎప్పుడు చూడాలో తెలిసినది ఆసుపత్రికి మాత్రమే.

ఎప్పుడు చూడాలన్నది మన దేశంలో స్పష్టంగానే రాసి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ముప్పై రకాల సమస్యలను పిల్లల్లో ముందే గుర్తించాలంది. అందులో ఆర్‌ఓపీ ఒకటి. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ దీని మీద విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. 34 వారాలు నిండకుండా పుట్టినవాళ్లనూ, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినవాళ్లనూ పరీక్షించాలి. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినా, ఆక్సిజన్ మీద ఉండటం, ఇన్ఫెక్షన్ రావడం, నెత్తురు ఎక్కించడం లాంటివి జరిగి ఉంటే వాళ్లనూ చూడాలి. మొదటి పరీక్ష పుట్టిన ముప్పై రోజుల్లోపు జరగాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకూ, 1,200 గ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్లకూ రెండు మూడు వారాలకే చేయాలి.

అమెరికాలో ఈ పరీక్షకు బరువు హద్దు 1,500 గ్రాములు. మన దగ్గర 2,000 గ్రాములు పెట్టడం వైద్యుల అతి జాగ్రత్త కాదు. అక్కడ 1,500 గ్రాములు దాటిన పిల్లల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ ఇప్పుడు దాదాపు కనిపించదు. మన వార్డుల్లో 1,600, 1,700 గ్రాముల పిల్లల కళ్లలో కూడా లేజర్ చేయాల్సినంత జబ్బు చూస్తున్నాం. ఆక్సిజన్‌ను కొలిచి ఇవ్వలేకపోవడం, ఇన్ఫెక్షన్లు, నర్సుల కొరత కలిసి, కాస్త పెద్ద పిల్లలను కూడా ప్రమాదంలోకి నెడుతున్నాయి. మొదటి జాగ్రత్త బిడ్డను ఉంచే ఇంక్యుబేటర్ పెట్టె పక్కనే తీసుకోవాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. దాని గురించి తర్వాత రాస్తాను.

పరీక్ష ఎలా ఉంటుందో మీరు ఒక్కసారి వార్డులో నిలబడి చూడాలని నా కోరిక. ముందు గంట సేపు పాలు ఆపుతారు. కంటిపాప పెద్దదయ్యేందుకు కొన్ని నిమిషాల తేడాతో రెండు మూడు సార్లు చుక్కలు వేస్తారు. పెద్దవాళ్ల మందు కాదది, పసివాళ్ల కోసం పలచన చేసింది. బిడ్డను మెత్తటి గుడ్డలో చేతులు కదలకుండా చుడతారు. కాలికి పల్స్ ఆక్సీమీటర్ ఉంటుంది. నొప్పి తెలియకుండా నాలుక మీద రెండు చుక్కలు తీపి నీళ్లో, తల్లిపాలో వేస్తారు. రెప్పలు మూసుకోకుండా వేలి గోరంత తీగ క్లిప్పు పెట్టి, తల మీది లైటుతో, చేతిలో భూతద్దంతో లోపలికి చూస్తాను. అంచులు కనిపించడానికి కన్నును బయటి నుంచి నెమ్మదిగా నొక్కాలి. బిడ్డ ఏడుస్తుంది. రెండు కళ్లకూ కలిపి పట్టేది కొద్ది నిమిషాలే. అయిపోగానే తల్లి రొమ్ముకు పట్టిస్తుంది, ఏడుపు ఆగిపోతుంది.

లోపల నెత్తురు పారే చోటు నారింజ రంగులో, పారని చోటు బూడిద రంగులో ఉంటుంది. ఆ రెంటి నడుమ సన్నటి తెల్ల గీత కనిపిస్తే మొదటి దశ. ఆ గీత మందంగా, ఎత్తుగా లేస్తే రెండో దశ. దాని మీద కొత్త నాళాలు మొలిస్తే మూడో దశ. రెటీనా కొంత ఊడితే నాలుగోది, మొత్తం ఊడితే ఐదోది. కంటి నరం దగ్గరి నాళాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటే జబ్బు వేగం అందుకుందని అర్థం. దాన్ని మేం ప్లస్ అంటాం. 1980ల్లో వివిధ దేశాల వైద్యులు కూర్చుని ఈ దశలను ఖాయం చేశారు కాబట్టి ఆదిలాబాదులో చూసిన వైద్యుడు రాసిన రెండు ముక్కలు హైదరాబాదులో ఉన్న వైద్యుడికి అంతే తేటగా తెలుస్తాయి.

మొదటి, రెండో దశల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి జబ్బు దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం ముదురుతుంది. ఎవరికి ముదురుతుందో మొదటి రోజు చూసి చెప్పగల వైద్యులు ఎక్కడా లేరు. అందుకే వారానికో, రెండు వారాలకో మళ్లీ చూడాలి. నాళాలు అంచుకు చేరేదాకా చూస్తూనే ఉండాలి. ఒకసారి చూపించి, బాగానే ఉందన్నారని ఆగిపోయిన కుటుంబాలకూ ప్రమాదం ఉంది. చికిత్స అవసరమయ్యే దశకు వచ్చాక మా చేతిలో ఉండేది 48 నుంచి 72 గంటలు. ఆ లోపు లేజరో, ఇంజెక్షనో జరిగిపోవాలి.

చికిత్స ఉందన్న ధైర్యం వైద్య శాస్త్రానికి తేలిగ్గా రాలేదు. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ అనే కంటి వైద్యుడు పసిపిల్లల కంటిపాప వెనక తెల్లటి పొరను గమనించి ఈ జబ్బు గురించి మొదట రాశాడు. అప్పట్లో నెలలు నిండని పిల్లలను బతికించడానికి పెట్టెల్లో ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు. జబ్బుకు మూలం అక్కడే ఉందని 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల వైద్యురాలు చెప్పింది. 1954 నాటికి అమెరికాలో అనేక ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం ఆమె మాట నిజమని తేల్చింది. ఆ పదేళ్లలో ప్రపంచమంతటా దాదాపు పదివేల మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ ఆ పిల్లల్లో ఒకరు. భయపడి ఆక్సిజన్ మరీ తగ్గించేస్తే పిల్లలు ప్రాణాలతో దక్కలేదు. కొలత తెలిసి ఇవ్వడం ఒక్కటే మార్గమని అలా తెలిసింది.

రెటీనా అంచులను అతి చల్లదనంతో గడ్డకట్టించే చికిత్స పనిచేస్తుందని 1988లో ఒక పెద్ద అధ్యయనం నిరూపించింది. తర్వాత దాని చోట లేజర్ వచ్చింది. నెత్తురు అందని అంచులను లేజర్‌తో కాలిస్తే అక్కడి నుంచి వీఈజీఎఫ్ రావడం ఆగిపోతుంది, పిచ్చి నాళాలు ఎండిపోతాయి. జబ్బు ముదిరేదాకా ఆగకుండా ఇంకాస్త ముందే లేజర్ చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుందని 2003లో తేలింది. 2011 నుంచి వీఈజీఎఫ్‌ను అణిచే ఇంజెక్షన్లు కూడా ఈ పిల్లల్లో వాడుకలోకి వచ్చాయి. కంటి నరానికి బాగా దగ్గరగా జబ్బు ఉన్న పిల్లలకు అవి వరం. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇంజెక్షన్ తర్వాత జబ్బు తగ్గినట్టే తగ్గి, కొన్ని వారాలకో నెలలకో తిరిగి రావచ్చు. సూది వేసి పంపించేశాక ఆ బిడ్డ మళ్లీ రాకపోతే మొదటికే మోసం.

ఇవన్నీ పరాయి దేశాల సంగతులని అనుకోనక్కర్లేదు. 1990ల చివర్లోనే హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లోని శిశు వార్డులకు వైద్యులే వెళ్లి కళ్లు చూసే కార్యక్రమాన్ని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మొదలుపెట్టింది. డాక్టర్ సుభద్ర జలాలీ అందులో ముందు నిలిచారు. 2008 నుంచి కర్ణాటకలో డాక్టర్ ఆనంద్ వినేకర్ బృందం ఇంకో అడుగు వేసింది. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరాతో పల్లె జిల్లాల వార్డులకు వెళ్లి రెటీనా ఫొటోలు తీస్తే, బెంగళూరులో ఉన్న నిపుణులు వాటిని చూసి ఏం చేయాలో చెబుతారు. దారి చూపినవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు, పక్క రాష్ట్రంలోనూ ఉన్నారు. లేనిదల్లా ప్రతి బిడ్డనూ ఆ దారికి చేర్చే బాధ్యత ఎవరిదో స్పష్టంగా చెప్పే ఉత్తర్వు.

ఆ బాధ్యత ఎవరిదీ కాకపోతే ఏమవుతుందో ఒక బిడ్డ సంగతి చెబుతాను. ఏడో నెలలో పుట్టిన ఆడపిల్ల. పుట్టినప్పుడు 1,300 గ్రాములు. పెట్టెలో పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, రోజుల తరబడి కాపాడి, బరువు పెరిగాక ఇంటికి పంపారు. ఆ వార్డు నర్సులు, డాక్టర్లు చేసిన సేవ మామూలుది కాదు. డిశ్చార్జి కాగితం చివర ఇంగ్లీషులో 'ఆర్‌ఓపీ స్క్రీనింగ్ అడ్వైజ్డ్' అని ఉంది. తేదీ లేదు, చోటు లేదు, ఫోన్ నంబరు లేదు. కాగితంలో ఉన్న ఊరు అత్తగారిది, తల్లీబిడ్డా ఉన్నది వేరే మండలంలో పుట్టింట్లో. రాసిన ఫోన్ తండ్రిది, అతనేమో నగరంలో కూలి పనిలో ఉన్నాడు. అత్తగారి ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వెళితే తాళం కనిపించింది. పుట్టింటి ఊరి ఆశాకు ఈ బిడ్డ తన లెక్కలో ఉందనే తెలియదు.

నాలుగు నెలలు దాటాక నా దగ్గరికి తెచ్చారు. రెండు కళ్లలోనూ రెటీనా పూర్తిగా ఊడిపోయింది. కాగితం మడత విప్పి చూపిస్తూ అమ్మమ్మ అంది, "పసిగుడ్డును గడప దాటించకూడదని ఆగామమ్మా. కళ్లు కలువ రేకుల్లా ఉన్నాయి కదా, ఏమవుతుందిలే అనుకున్నాం." ఆమెను నేను ఒక్క మాట అనలేదు. అనడానికి నాకు ఏ హక్కూ లేదు. బిడ్డను ప్రాణంలా చూసుకున్న ఇల్లు అది. ఇంగ్లీషులో రాసిన మూడు ముక్కల్లో బిడ్డ చూపుకు ముప్పై రోజుల గడువు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలిసే వీలు లేదు.

ఈ బాధ్యత ఆసుపత్రిదేనని న్యాయస్థానం కూడా చెప్పింది. 1996లో చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకు, 1,250 గ్రాములతో పుట్టిన ఒక ఆడపిల్లను కంటి పరీక్ష లేకుండా ఇంటికి పంపారు. నెలలు గడిచాక జబ్బు బయటపడింది, చూపు దక్కలేదు. ఆ తండ్రి ఏళ్ల తరబడి పోరాడాడు. 2015 జులైలో సుప్రీంకోర్టు నిర్లక్ష్యం జరిగిందని తేల్చి, అన్నీ కలిపి కోటీ 80 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించింది. పరీక్ష చేయించమని సమయానికి చెప్పడం ఆసుపత్రి విధి అని ఆ తీర్పుతో స్థిరపడింది. పరిహారాలు కట్టడం కంటే పరీక్షలు చేయించడం ప్రభుత్వానికి ఎంత తేలికో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఆ గడి నిండడానికి వెనక ఉండాల్సినవి.

మొదటిది, కాగితం. డిశ్చార్జి కార్డులోనూ, తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోనూ కంటి పరీక్షకు తెలుగులో ఒక గడి ఉండాలి. అందులో తేదీ, ఆసుపత్రి, ఫోన్ నంబరు ఉండాలి. బిడ్డ ఇంటికి వెళ్లాక ఏ ఊళ్లో ఉండబోతోందో అడిగి, పుట్టింటి ఊరు, అక్కడ చేతిలో ఉండే ఫోన్ నంబరు రాసుకోవాలి. ప్రతి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో, ఒక నర్సుకు ఈ పిల్లల రిజిస్టరు అప్పగించాలి. తేదీ దాటినా రాని బిడ్డ ఇంటికి ఆ రోజే ఫోన్ వెళ్లాలి.

రెండోది, ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆమె మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో వెళ్లాలని కార్యక్రమంలోనే ఉంది. ఇరవై ఒకటో రోజు, ఇరవై ఎనిమిదో రోజు చూడండి. ముప్పై రోజుల గడువుకు ముందు ఆమె రెండుసార్లు ఆ గుమ్మంలో ఉంటుంది. ఆమె అడగాల్సిన ప్రశ్నల్లో 'కళ్లు చూపించారా' అన్నది చేరిస్తే చాలు, కొత్త ఉద్యోగం సృష్టించనక్కర్లేదు. అమ్మమ్మలకు నచ్చచెప్పగలిగింది కూడా ఆమే. గడప దాటించడానికి జంకే ఇంటి ముందుకు 102 వాహనం వచ్చి ఆగితే ఆ జంకు సగం పోతుంది. జబ్బుపడ్డ పసిపిల్లలకు ఉచిత ప్రయాణం 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమంలో ఉన్నదే. కంటి పరీక్షకూ అది వర్తిస్తుందని డ్రైవరుకు కూడా తెలిసేలా స్పష్టంగా రాయండి.

మూడోది, వైద్యుడు ఎక్కడ అన్న ప్రశ్న. పసిపిల్లల రెటీనా చూడగలిగినవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి లాంటి చోట్లే ఉన్నారు. భద్రాచలం నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లు. పాడేరు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీదుగా రావాలి. రెండు కిలోలు లేని బిడ్డను ఒళ్లో పెట్టుకుని, పచ్చి బాలింత ప్రతి వారం ఆ దూరం తిరగాలని అడగడం న్యాయం కాదు. వారంలో ఒక రోజు ఖాయంగా జిల్లా ఆసుపత్రి వార్డుకే కెమెరా వెళ్లాలి. తీసిన ఫొటోలను అదే రోజు నిపుణులు చూడాలి. కెమెరాలు ఖరీదైనవే. కానీ ఒక్క కెమెరా చుట్టుపక్కల మూడు నాలుగు జిల్లాలకు వంతులవారీగా పనిచేస్తుంది. కంటి వైద్యులు చాలరన్న మాట నిజమే, ఆ కొరతకు జవాబు ఇదే.

నాలుగోది, చికిత్స. ఈ బిడ్డకు లేజర్ కావాలని తేలిన క్షణం నుంచి 72 గంటల్లో ఏ ఆసుపత్రిలో, ఏ బల్ల మీద చేస్తారో ప్రతి జిల్లాకూ ముందే రాసిపెట్టి ఉండాలి. చికిత్స సమయంలో బిడ్డ ఊపిరి కనిపెట్టడానికి పిల్లల వైద్యుడో మత్తు వైద్యుడో పక్కన ఉండాలి. తల్లికి పడుకోవడానికి చోటు ఉండాలి, ఎందుకంటే బిడ్డకు పాలు ఇవ్వాల్సింది ఆమె. ప్రభుత్వ ఆరోగ్య పథకం అనుమతి కోసం కాగితాలు తిరుగుతుంటే మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఈ ఒక్క జబ్బుకు అనుమతి తర్వాత, చికిత్స ముందు అన్న వెసులుబాటు ఇవ్వండి.

ఐదోది, జబ్బు రాకుండా చూడటం. ఇక్కడ పని కంటి వైద్యులది కాదు, శిశు వార్డుది. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ నెత్తుట్లో ఆక్సిజన్ శాతం సుమారు 90, 95 మధ్య ఉండాలి. నూటికి నూరు చూపిస్తోందని సంతోషించకూడదు. అందుకు గాలినీ ఆక్సిజన్‌నూ కలిపి ఇచ్చే బ్లెండర్ కావాలి, అంకె దాటగానే మోగేలా అలారం పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ కావాలి, ఆ మోత వినగానే వచ్చి సరిచేసే నర్సు కావాలి. చాలా చోట్ల సిలిండరు నుంచి నేరుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ ముక్కు గొట్టంలోకి వెళుతోంది. బిడ్డను తీసుకొచ్చే అంబులెన్సుల్లోనూ అంతే. తల్లిపాలు, తల్లి ఎద మీద ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ, చేతుల శుభ్రత, అవసరం లేకుండా నెత్తురు ఎక్కించకపోవడం, ఇవన్నీ బిడ్డ ప్రాణంతో పాటు చూపును కూడా కాపాడతాయి.

ఆరోది, ప్రైవేటు ఆసుపత్రులు. పట్టణాల్లో వీధికొకటిగా పసిపిల్లల ఐసీయూలు వచ్చాయి. వాటికి రిజిస్ట్రేషన్ ఇచ్చేదీ, తిరిగి పొడిగించేదీ మీ జిల్లా అధికారులే. ఆర్‌ఓపీ పరీక్షకు ఏర్పాటు ఏమిటో రాతపూర్వకంగా చూపించని ఐసీయూకు పొడిగింపు ఇవ్వొద్దు.

ఏడోది, ఇప్పటికే చూపు పోయిన పిల్లలు. వాళ్లను మరిచిపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వాళ్లకు మొదటి ఏడాది నుంచే శిక్షణ అందాలి. స్పర్శతో, శబ్దంతో లోకాన్ని తెలుసుకునే పద్ధతులు తల్లికి నేర్పాలి. చికిత్సతో చూపు దక్కిన పిల్లలకు కూడా తర్వాత దగ్గర చూపు మాత్రమే మిగిలే హ్రస్వదృష్టి, మెల్లకన్ను వచ్చే అవకాశం ఎక్కువ. బడికి వెళ్లే వయసు దాకా ఏటా కళ్లద్దాల పరీక్ష జరగాలి.

మంత్రివర్యులారా, 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంతర్జాతీయ అంచనా. ప్రపంచంలో ఇదే ఎక్కువ. ఒకప్పుడు ఈ పిల్లలు బతికేవాళ్లు కాదు. ఇప్పుడు బతుకుతున్నారంటే మీ శాఖ కట్టిన వార్డుల వల్ల, అక్కడ రాత్రీ పగలూ నిలబడే నర్సుల వల్ల. ఏడో నెల బిడ్డ నవ్వుతూ ఇంటికి వెళుతున్న ఈ కాలంలో ఆర్‌ఓపీ పెరగడం ఒక రకంగా ఆ విజయం తెచ్చిన బాధ్యత. ప్రాణం నిలిపిన చేతులే చూపునూ నిలపగలవు. దానికి కావాల్సిన విద్య ఉంది, పరికరాలు ఉన్నాయి, వైద్యులు ఉన్నారు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. వీటిని ఒక తేదీకి కట్టే నియమం మాత్రమే మిగిలింది.

చివరిగా ఒక విన్నపం. ఏటా నవంబరు 17న నెలలు నిండని శిశువుల దినం జరుపుతారు. ఆ రోజు మీ శాఖ నుంచి జిల్లాలవారీగా మూడే మూడు అంకెలు ప్రకటించండి. ఎంతమంది పిల్లలకు పరీక్ష జరగాల్సి ఉంది, వాళ్లలో ఎంతమందికి ముప్పై రోజుల్లోపు జరిగింది, చికిత్స అవసరమైనవాళ్లలో ఎంతమందికి 72 గంటల్లోపు అందింది. మొదటి ఏడాది అంకెలు బాగుండకపోవచ్చు. దానికి ఎవరినీ శిక్షించనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. ఏ జిల్లా వెనకబడిందో తెలిస్తే అక్కడికి కెమెరా, డాక్టరు, వాహనం పంపొచ్చు. రెండు రాష్ట్రాల అంకెలు పక్కపక్కన కనిపిస్తే ఒకరిని చూసి ఒకరు మెరుగుపడతారు కూడా.

మా వైద్యుల తరఫు నుంచి ఒక హామీ ఇస్తాను. వార్డులకు రావడానికి, నర్సులకూ ఆశాలకూ నేర్పడానికి, ఫొటోలు చూసి అదే రోజు జవాబు చెప్పడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. మీరు ఉత్తర్వు ఇవ్వండి. దాన్ని అమలు చేయడానికి ఏ జిల్లాకు రమ్మంటే ఆ జిల్లాకు వస్తాం.

భవదీయురాలు,
ఒక రెటీనా వైద్యురాలు